కరపత్రంలో కనబడని బడి

ఏప్రిల్ నెల వచ్చిందంటే మన ప్రాంతంలో రెండు పంటలు కోతకు వస్తాయి. ఒకటి చెరువుల కింద యాసంగి వరి. రెండవది గోడల మీద బడి ప్రకటనలు. పటాన్‌చెరు మొదలుకొని ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా కరెంటు స్తంభాలకు, ఆటోల వెనుక, కిరాణా కొట్ల నెత్తిన ఫ్లెక్సీలు వెలుస్తాయి. నవ్వుతున్న పిల్లల ఫొటోలు, వాటి కింద మార్కులు, వాటి కింద "అడ్మిషన్లు జరుగుచున్నవి" అనే మాట. షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కరపత్రాలు పట్టుకొని ఎండలో యువతులు నిలబడి ఉంటారు. చేతిలో సెల్‌ఫోన్ తెరిస్తే అక్కడా అవే బొమ్మలు, అవే మాటలు.

నిరుడు ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు దంపతులు ఇద్దరు నా దగ్గరకు వచ్చారు. జోగిపేట వైపు పల్లె నుండి బ్రతుకుదెరువుకు వచ్చి స్థిరపడినవారు. ఆయన పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. ఆమె చేతిలో నాలుగు రంగురంగుల కరపత్రాలు ఉన్నాయి.

"టీచరమ్మా, గీ నాలుగిట్ల ఏది మంచిదో మీరే జెప్పాలె. పెద్దోడు నాలుగు అయిపోయిండు, పాపను ఒకటిల వెయ్యాలె. చిట్టీ ఎత్తినం. ఇంక జర తక్కువ పడితే అప్పు తెస్తం" అన్నది ఆమె.

నేను ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నదానను. ఆ నాలుగు కాగితాలు చదివాను. కాని బడిని గురించి మాట్లాడకముందు పిల్లవాణ్ణి పిలిచాను. వాడు అప్పటికి మూడేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో చదువుతున్నాడు. పేరు చెప్పను గాని, ఆ బడి ఫ్లెక్సీ ఆ వీధిలో అన్నిటికంటె పెద్దది. వాడు చేతులు కట్టుకొని ఒక ఇంగ్లీషు పద్యం గడగడ అప్పజెప్పాడు. తల్లి ముఖం వెలిగింది. అప్పుడు ఆదివారపు బడి పుస్తకంలో బాలుడైన సమూయేలు పాఠం తీసి, "ఇది చదువు నాన్నా" అన్నాను. బొమ్మ చూసి "సమూయేలు" అన్నాడు. ఆ తరువాతి పంక్తి దగ్గర ఆగిపోయాడు. వేలు పెట్టి అక్షరాలు పలికాడు గాని మాట కూడలేదు. ఇంగ్లీషు వాచకం తెరిచి వాడు కంఠస్థం చేయని వాక్యం ఒకటి చూపాను. అదీ అంతే.

తండ్రి తల వంచుకొన్నాడు. తప్పు పిల్లవానిది కాదు, తండ్రిది అంతకంటె కాదు. మూడేళ్ళు పొట్ట కట్టుకొని ఫీజు కట్టిన మనిషి అతడు. అతడు బడిని గోడమీద చూశాడు గాని గదిలో చూడలేదు. ప్రియ చదువరులారా, మనలో చాలామందిమి చేస్తున్నది అదే. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఏమి వ్రాశారు, ఏమి వ్రాయలేదు

ఆ నాలుగు కరపత్రాలలో ఉన్నవి ఇవి: ర్యాంకుల ఫొటోలు, డిజిటల్ తరగతులు, ఏసీ గదులు, బస్సు సౌకర్యం, కరాటే, "ఈ నెలాఖరులోగా చేరినవారికి అడ్మిషన్ ఫీజు ఉచితం" అన్న ప్రకటన. ఏ ఒక్కదానిలోనూ లేనివి ఇవి: ఉపాధ్యాయుల పేర్లు, వారి చదువులు, తరగతికి ఎందరు పిల్లలు, ప్రభుత్వ గుర్తింపు సంఖ్య, సంవత్సరానికి మొత్తం ఎంత ఖర్చవుతుంది అనే లెక్క. వ్రాసినదంతా అబద్ధమని నేను అనను. అయితే మనకు తెలియవలసినదంతా వ్రాయని చోటనే ఉండిపోయింది.

మూడు కరపత్రాలలో "ఐఐటి" అనే మూడక్షరాలు ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లలకు కూడా ఐఐటి పునాది అట! మన సంగారెడ్డి పక్కన కందిలోనే ఐఐటి హైదరాబాదు ఉన్నది. 2008లో ఆరంభమై, మొదట ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో నడిచి, తరువాత కందికి వచ్చింది. దాని గేటు ముందు నుండే మన బస్సులు రోజూ పోతాయి. అక్కడ బి.టెక్. సీటు కావాలంటే ఇంటర్మీడియట్ తరువాత దేశమంతటికీ జరిగే జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్ పరీక్షల ర్యాంకు కావాలి. బడి పేరులో ఆ అక్షరాలు ఉన్నందువల్ల ఏ పిల్లవానికీ అక్కడ చోటు ప్రత్యేకించరు. ఇంతకూ ఒకటో తరగతి పిల్లకు కావలసిన పునాది చదవడం, వ్రాయడం, కూడికలు, తీసివేతలు.

ఇక ర్యాంకుల ఫొటోలు. పదిమంది పిల్లల ఫొటోలు వేసినప్పుడు, పరీక్ష వ్రాసినవారు పదిమందా, రెండువందల మందా అని అడగాలి. ఆ పిల్లలు ఆ బడిలో ఎన్నేళ్ళు చదివారో కూడా అడగాలి. ఈ మోసం ఎంత ముదిరిందంటే, కోచింగ్ కేంద్రాల ప్రకటనల విషయమై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు విడుదల చేయవలసి వచ్చింది. విజేత ఫొటో వాడుకోవాలంటే అతడు ఎంపికైన తరువాత వ్రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. అతడు తమ దగ్గర ఏ కోర్సు చదివాడో, అది ఎన్నాళ్ళదో దాచకూడదు. అవి కోచింగ్ కేంద్రాలకు పెట్టిన నియమాలే అయినా, అదే కొలబద్దతో బడి ఫ్లెక్సీని కొలవడానికి మనకు అడ్డేమీ లేదు. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం చెబుతుంది. త్రాసు కిరాణా కొట్టులోనే ఉంటుందా? మాటల్లోనూ ఉంటుంది.

చాటుకోవడం తప్పా?

అయితే బడి తన్నుతాను ప్రకటించుకోవడమే పాపమా? కాదు. మన ఆదివారపు బడుల కథనే చూడండి. ఇంగ్లండులో గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి ఉండేవాడు. ఆ ఊరిలో గుండుసూదుల కర్మాగారాల్లో పనిచేసే బీద పిల్లలు వారమంతా కష్టపడి ఆదివారం వీధుల్లో అల్లరిగా తిరిగేవారు. 1780లో ఆయన వారిని కూర్చోబెట్టి చదువు నేర్పడానికి నలుగురు స్త్రీలను కుదిర్చి, ఆదివారానికి ఒక్కొక్కరికి ఒక షిల్లింగు ఇచ్చాడు. చేతిలో పత్రిక ఉన్నా వెంటనే చాటుకోలేదు. మూడేళ్ళు పనిచేసి, ఫలితం చూసి, 1783 నవంబరులో తన గ్లాస్టర్ జర్నల్‌లో ఒక చిన్న వార్త వ్రాశాడు. అందులో తన పేరు పెట్టుకోలేదు. ఆ వార్త చదివి ఇతర ఊళ్ళవారు ఉత్తరాలు వ్రాసి అడిగారు. ఆయన జవాబులు పత్రికలలో అచ్చయ్యాయి. ఉద్యమం దేశమంతటా వ్యాపించింది.

ఫ్యాక్టరీ ప్రాంతపు పిల్లల కొరకు మొదలైన బడి, వ్రాత ద్వారానే లోకానికి తెలిసింది. కనుక వ్రాతలో దోషం లేదు. ముందు పని, తరువాత మాట. ముందు పిల్లవాడు, తరువాత పేరు. ఆ వరుస తారుమారైనప్పుడే దోషం.

మన మెదక్ ప్రాంతంలోనూ అంతే. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి కాలంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయాన్ని చూడటానికి నేటికీ జనం వస్తారు. కాని ఆ గోపురం లేవకముందే మిషను బడులు పల్లెల్లో ఉన్నాయి. ఊరి బడిలో కూర్చోనివ్వని పిల్లలకు అక్కడ చోటు దొరికింది. పంతులే సువార్తికుడు, సువార్తికుడే పంతులు. ఆయన గుడిసె గుడిసెకు తిరిగి పిల్లలను పిలిచేవాడు. మన తాతలలో ఎందరో అలా పిలువబడి అక్షరం నేర్చినవారే.

గోపురం కట్టేవాని లెక్క

ఆ దంపతులతో కూర్చుని ఒక కరపత్రం మీదనే లెక్క వేశాము. అందులో నెలకు 2,500 రూపాయలు అని ఉన్నది. అంటే ఏడాదికి 30,000. బడికి ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగించాను. ఆ నెల దాటితే అడ్మిషన్ ఫీజు 3,000. పుస్తకాలు, నోటుపుస్తకాలు 5,500. రెండు జతల యూనిఫారం, బూట్లు 4,000. బస్సుకు నెలకు 1,200 చొప్పున పది నెలలకు 12,000. పరీక్షలకు, వార్షికోత్సవానికి 1,500. వెరసి 56,000. ఇద్దరు పిల్లలకు 1,12,000.

ఆయన చేతికి వచ్చే జీతం నెలకు 16,000, ఏడాదికి 1,92,000. బడి ఖర్చు పోగా మిగిలేది 80,000. అంటే నెలకు ఆరువేల ఏడువందలైనా లేదు. అందులోనే ఇంటి కిరాయి, బియ్యం, మందులు, ఊరికి పోయివచ్చే ఖర్చు. ఆమె కాగితం వైపు చాలాసేపు చూసి, "గిది ఒక్క ఏడు కాదు గదా టీచరమ్మా, పదేండ్లు" అన్నది.

గోపురం కట్టబూనినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉన్నది. శిష్యరికపు మూల్యం గురించి ఆయన చెప్పిన మాట అది. అయినా పునాది వేసి పూర్తి చేయలేక నగుబాటు అయ్యే స్థితి బడి విషయంలోనూ మన ఇళ్ళలో కనబడుతూనే ఉన్నది. ఆరో తరగతిలో ఫీజు బాకీ పడి, పిల్లవాణ్ణి మధ్యలో మాన్పించి, వేరే బడికి మార్చడం పసి మనస్సుకు ఎంత గాయమో తల్లులకు తెలుసు.

గేటు లోపలికి వెళ్ళి అడగండి

సీటు ఖాయం చేయకముందు తల్లిదండ్రులిద్దరూ బడికి వెళ్ళండి. సెలవులు ఇవ్వకముందే, తరగతులు జరిగే రోజున వెళ్ళండి. సంకోచించకుండా ఈ సంగతులు అడగండి.

మొదటిది గుర్తింపు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా ప్రైవేటు బడి నడపరాదు. నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నది. గుర్తింపు ఏ తరగతి వరకు ఉన్నదో అడగండి. ప్రతి బడికీ యుడైస్ అనే 11 అంకెల సంఖ్య ఉంటుంది. మన తెలంగాణ బడుల సంఖ్య 36తో మొదలౌతుంది. అనుమానముంటే మండల విద్యాధికారి కార్యాలయంలో విచారించండి.

రెండవది బోర్డు. "సీబీఎస్‌ఈ సిలబస్" అన్న మాట వేరు, సీబీఎస్‌ఈ అనుబంధం వేరు. ఆ పుస్తకాలు కొని చెప్పడం ఎవరైనా చేయవచ్చు. అనుబంధమున్న బడికి సంఖ్య ఉంటుంది. దాన్ని అడగండి.

మూడవది ఉపాధ్యాయులు. మీ పాపకు పాఠం చెప్పేది ఎవరు? ఏమి చదివారు? ఆ బడిలో ఎన్నేళ్ళుగా ఉన్నారు? తరగతిలో పిల్లలెందరు? ప్రాథమిక తరగతుల్లో ముప్పైమందికి ఒక ఉపాధ్యాయుడు అన్నది చట్టంలోని కొలత.

నాలుగవది నోటుపుస్తకాలు. ఆ తరగతి పిల్లల పుస్తకాలు రెండు తీసి చూడండి. దిద్దిన గుర్తు ఉన్నదా? తప్పు పక్కన ఒప్పు వ్రాశారా? లేక ప్రతి పేజీ చివర ఒకే ఎర్ర గీతా? చదువురాని తల్లి సహితం ఈ ఒక్కటి కనిపెట్టగలదు.

అయిదవది నీళ్ళు, మరుగుదొడ్లు. ఆడపిల్లలకు వేరుగా ఉన్నాయా? తలుపులకు గడియ ఉన్నదా? మీరే వెళ్ళి చూడండి.

ఆరవది వ్రాతపూర్వకమైన లెక్క. ఏడాది మొత్తం ఖర్చు ఒక కాగితం మీద వ్రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. నోటితో చెప్పి కాగితం మీద చెప్పనివారి సంగతి మీరే గ్రహించండి.

ఇంకొక మాట. ఒకటి నుండి ఎనిమిది తరగతులలో చేర్చుకోవడానికి డొనేషను అడగటం, పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టడం ఆ చట్టం నిషేధించింది. డొనేషను వసూలు చేస్తే దానికి పది రెట్ల వరకు, పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా. కొట్టడం, మానసికంగా హింసించడం కూడా నిషిద్ధం. టీసీ ఆలస్యమైందనే కారణంతో ప్రభుత్వ బడి మీ పిల్లవాణ్ణి చేర్చుకోకుండా ఉండకూడదు.

కరపత్రం పట్టుకొన్న అమ్మాయి

గేటు దగ్గర ఎండలో నిలబడిన ఆ అమ్మాయి ఎవరు? చాలాసార్లు మన సంఘపు బిడ్డే. బి.ఇడి. చదివి, చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పి, వేసవిలో "ఇంతమందిని చేర్పించాలి" అనే లెక్కతో ఇల్లిల్లూ తిరుగుతుంది. పిల్లలు చేరకపోతే ఉద్యోగమే అనుమానం. ఎన్నో చోట్ల మే నెల జీతమూ ఉండదు. ప్రైవేటు బడులను గురించి 1994 జనవరి 1న ప్రభుత్వం ఇచ్చిన జీవో నంబరు 1, వసూలైన ఫీజులలో సగం సిబ్బంది జీతాలకు పోవాలనీ, యాజమాన్యపు రాబడి అయిదు శాతానికి మించరాదనీ నిర్దేశించింది. కనుక సీటు అడగటానికి వెళ్ళినప్పుడు "మీ టీచర్లకు వేసవిలో జీతం ఇస్తారా?" అని కూడా అడగండి. పనివాని కూలి బిగబట్టిన చోట మన పిల్లలకు మంచి మాటలు ఎలా అబ్బుతాయి?

మన సంఘాలు నడిపే బడుల పెద్దలకు కూడా ఒక మనవి. పక్క బడి ఫ్లెక్సీ చూసి మనమూ ఒక అడుగు పెద్దది వేయించడం కాదు మార్గం. నెలకొకసారి ఒక పేజీ నిజం వ్రాయండి. ఈ నెల ఎందరు చేరారు, ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు, మూడో తరగతిలో ఎందరు కథ చదవగలుగుతున్నారు, ఇంకా చదవలేనివారికి మేము ఏమి చేస్తున్నాము అని వ్రాసి గేటుకు అంటించండి. తల్లిదండ్రుల ఫోన్లకు పంపండి. మొదటి ర్యాంకు బిడ్డ ఫొటో అందరూ వేస్తారు. వెనుకబడిన బిడ్డను గురించి వ్రాయగలిగిన బడిని జనం నమ్ముతారు. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన కాపరి శిష్యులము కదా!

తరువాత ఏమైంది?

ఆ తల్లి మూడు బడులకు వెళ్ళింది. రెండు కరపత్రాల బడులు, ఒకటి వారి బస్తీ పక్కనున్న ప్రభుత్వ బడి. మొదటి బడిలో ఆఫీసు గది దాటి లోపలికి పోనివ్వలేదు. రెండవ బడిలో తరగతులు చూపించారు గాని ఫీజు కాగితం ఇవ్వలేదు. ప్రభుత్వ బడిలో ఒక గదికి పెచ్చులూడి ఉన్నాయి, రెండు తరగతులకు ఒకే టీచరు. అదీ ఆమె దాచకుండా చెప్పింది. కాని ఆ టీచరు పిల్లవాని చేత చదివించి చూసి, "వీనికి ముందు తెలుగు అక్షరం కూడాలె. రోజూ ఒక అరగంట వేరుగ కూర్చోబెడ్త" అన్నదట.

ప్రభుత్వ బడులలో 2022-23 నుండి ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పుస్తకాలు, యూనిఫారం ఉచితం, మధ్యాహ్నం భోజనం ఉన్నది. ఏటా జూన్‌లో బడిబాట పేరుతో ఆ ఉపాధ్యాయులూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇవన్నీ తెలిసినా తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. "సుట్టాలు ఏమంటరు?" అన్నాడు. చివరికి ఇద్దరు పిల్లలనూ అక్కడే చేర్చారు. అప్పు తేలేదు. చిట్టీ డబ్బులో కొంత పాప పేర తపాలా కార్యాలయంలో సుకన్య సమృద్ధి ఖాతాలో వేశారు.

అందరూ ప్రభుత్వ బడికే పోవాలని నేను చెప్పడం లేదు. టీచరు లేని ప్రభుత్వ బడి ఉన్నది, ప్రాణం పెట్టి చెప్పే ప్రైవేటు బడీ ఉన్నది. చూసి ఎంచుకోండి, అంతే. ఎక్కడ చదివినా నెలకొకసారి పిల్లలచేత మీ ముందు చదివించండి. 2005 నుండి ప్రథమ్ సంస్థవారు అసర్ అనే సర్వేలో పల్లె పిల్లలను పరీక్షించే పద్ధతి చాలా తేలిక. మొదట అక్షరాలు, తరువాత మాటలు, తరువాత చిన్న పేరా, చివరకు రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే పిల్లవాడు అక్కడ ఉన్నాడు. ఈ పరీక్ష కుటుంబ ప్రార్థన వేళ ఇంట్లోనే చేయవచ్చు.

నవంబరులో ఒక ఆదివారం ఆ పిల్లవాడు ఆదివారపు బడిలో లేచి పాఠం చదివాడు. గడగడ చదవలేదు. రెండుచోట్ల ఆగాడు, ఒకచోట తప్పు చదివి తానే దిద్దుకొన్నాడు. ఇంగ్లీషు ఇంకా వెనుకనే ఉన్నది. వెనుక బెంచీలో తండ్రి, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాడు, నిద్ర ఆపుకొంటూ విన్నాడు.

పిల్లలు ప్రభువు అనుగ్రహించిన స్వాస్థ్యము. వారికి బడిని వెదికేటప్పుడు కన్నులు తెరచి చూచే జ్ఞానమును, ఇరుగుపొరుగు మాటకు జంకని ధైర్యమును ఆయన మన కుటుంబాలకు దయచేయును గాక. ఆమేన్.